నాగదుర్గ మధ్యాహ్నాలు

లలితకు అసూయ పుట్టుకతోనే వచ్చింది. ఈ మాట గిట్టనివాళ్ళు అన్నది కాదు, ఆవిడే నలుగురిలో చెప్పుకునేది. "నాకు కుళ్ళు కాస్త ఎక్కువండీ" అనేది, బీపీ ఉందని చెప్పినంత మామూలుగా.

వాళ్ళ నాన్న కొల్లేటి లంక ఊళ్ళో బడిపంతులు. కొల్లేరు పొంగిన ఏడు ఊళ్ళో సగం ఇళ్ళు నీళ్ళలో ఉన్నాయి. వానలు వెలిసి బడి తెరిచాక ఆ ఇళ్ళ పిల్లలు పడవల మీద వచ్చేవారు. పంతులుగారి ఇల్లు మెరక మీద ఉంది కనక లలిత బురదలో నడిచి వెళ్ళేది. "మనింట్లోకి నీళ్ళెప్పుడొస్తాయి నాన్నా?" అని అడిగింది ఒకరోజు అన్నం తింటూ. ఆయన ముద్ద చేత్తో పట్టుకుని ఆ పిల్ల వంక అలా చూస్తూ ఉండిపోయాడు. ఇల్లు మునిగినవాళ్ళకు దొరికిన పడవ మీద కూడా కన్నేసే పిల్లను ఆయన అదివరకు చూసి ఉండడు.

ఏలూరులో బీకాం చదివింది. తాడేపల్లిగూడెంలో జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరరు కామేశానికిచ్చి పెళ్ళి చేశారు. కామేశం నెమ్మదైన మనిషి. పొద్దుటి క్లాసులు చెప్పుకుని ఇంటికొచ్చి, చారన్నం తిని, ఫ్యాను కింద ఒక కునుకు తీసి, మళ్ళీ సాయంత్రం క్లాసుకు వెళ్ళేవాడు. లలితకు ఆ కునుకు చూస్తే, అంటే చూసే యోగం సెలవు రోజుల్లోనే గానీ, ఒళ్ళు మండేది. ఆవిడది ఏలూరులో ఉద్యోగం. బైపాసు పక్కన మూడంతస్తుల మేడలో ఒక కంపెనీ. అమెరికాలో ఎక్కడెక్కడి ఆసుపత్రులో వేసిన బిల్లులను కంప్యూటర్లో సరిచూసి, తప్పుంటే తప్పని రాసి పంపడం పని. చీకటుండగా లేచి, కేరేజీలు కట్టి, రైలెక్కేది. తిరిగొచ్చేసరికి వీధి దీపాలు వెలిగి ఉండేవి.

"మా ఇంటికి నేను రాత్రిపూట వచ్చే చుట్టాన్నండీ" అనేది రైల్లో పక్కనున్నవాళ్ళతో.

అలా ఏళ్ళు గడిచాక కరోనా వచ్చింది. కంపెనీ అందరికీ ల్యాప్‌టాప్‌లిచ్చి ఇళ్ళకు పంపేసింది. ఆ రోగం ఎవరెవరి దగ్గర ఏమేం పట్టుకుపోయిందో లలితకు తెలియక కాదు. కానీ ఆవిడకు మాత్రం అది మధ్యాహ్నాన్ని తెచ్చి ఇచ్చింది. వంటింటి కిటికీలోంచి ఎండ ముందు గచ్చు మీద చతురస్రంగా పడుతుందనీ, అది మెల్లిగా పాక్కుంటూ ఫ్రిజ్జు తలుపెక్కి అక్కడ పచ్చబడుతుందనీ, ఎదురింటి వాళ్ళ పావురాలు అప్పుడే వచ్చి పిట్టగోడ మీద వాలతాయనీ ఆవిడకు ఆ ఇంటికి కాపురానికొచ్చిన ఇన్నేళ్ళకు తెలిసింది. స్కూళ్ళు మళ్ళీ తెరిచాక కొడుకు బాబీ ఇంటికొచ్చి సంచీ విసిరి, చెప్పులిప్పకుండా వంటింట్లోకి వచ్చేవాడు. వాడు ఆ రోజు జరిగిందంతా చెప్పేది ఆ కాసేపే. రాత్రి అడిగితే "ఏం లేదమ్మా" అనేవాడు. అంటే ఇన్నాళ్ళూ వాడికి చెప్పడానికి ఏమీ లేక కాదు, చెప్పే వేళకు తను లేక.

నాలుగేళ్ళు అలా నడిచాక కంపెనీ నుంచి మెయిలొచ్చింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అందరూ ఆఫీసుకు రావాలి, వారానికి ఐదు రోజులూ రావాలి, కలిసి కూర్చుంటేనే సంస్కృతి నిలబడుతుంది అని.

కలిసి కూర్చున్నారు. మేనేజరు చరణ్‌తేజ ఆఫీసు కుర్రాళ్ళలో కుర్రాడు, మంచివాడే గానీ పైవాళ్ళు ఏమంటే అది రెట్టింపు చేసే రకం. పై బాసు హైదరాబాదులో ఉంటాడు కనక పొద్దుటి మీటింగు వీడియోలోనే జరిగేది. ఒకే హాల్లో, ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేలా కూర్చుని, అందరూ చెవులకు హెడ్‌సెట్లు తగిలించుకుని, పక్కనున్న మనిషిని తెరలో చూస్తూ మాట్లాడేవారు. పక్కవాడి గొంతు ముందు మామూలుగా వినబడి, తరవాత హెడ్‌సెట్లో మళ్ళీ వినబడేది. ఏసీ టీములోని నెహెమ్యా సీటు మీద కారేది, అతను కింద ఒక పెరుగు డబ్బా పెట్టుకున్నాడు. శుక్రవారం సాయంత్రాలు బెలూన్లు ఊదించి ఆటలాడించేవారు.

"మనమంతా ఒక కుటుంబం" అన్నాడు చరణ్‌తేజ ఒక శుక్రవారం.

"కుటుంబమైతే అన్నం పెట్టాలి కదండీ, బెలూన్లు పెడతారేంటి?" అన్నాడు నెహెమ్యా. అందరూ నవ్వారు. చరణ్‌తేజ కూడా నవ్వి, సోమవారం అతను వచ్చిపోయిన స్వైపు కార్డు వేళలు తీసి చూశాడు.

ఆ మెయిల్లోనే చివర ఒక వాక్యం ఉంది. ఒక్కో టీములో ఒక్కరికి, తగిన కారణం ఉంటే, ఇంటి దగ్గర నుంచి పనిచేసే అనుమతి. దూరం నుంచి వచ్చేది లలితే. పనిలో తప్పులు తక్కువ చేసేదీ లలితే. "మీకేనండీ, నోటితో చెబుతున్నాను, కాయితం వచ్చే వారం" అన్నాడు చరణ్‌తేజ. లలిత ఆ సాయంత్రం రైల్లో ఎవరితోనూ మాట్లాడలేదు, నోరు తెరిస్తే పోతుందేమోనన్నట్టు.

ఆ వచ్చే వారంలోనే గుండుగొలనులో నాగదుర్గ భర్త శ్రీరామచంద్ర పోయాడు. నలభై నిండని మనిషి. పొద్దున్న నాగదుర్గను స్కూటరు మీద బస్టాపులో దింపి ఇంటికెళ్ళి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. నాగదుర్గ లలిత పక్క సీటు మనిషి. మామగారు పట్టాభిరామయ్యగారు ఆ చుట్టుపక్కల ఊళ్ళకు పురోహితుడు, ముహూర్తాలు పెడతాడు. ఆచారం గల ఇల్లు. ఏడాది వెళ్ళేదాకా కోడలు గడప దాటదు అనుకున్నారందరూ. అనుమతి నాగదుర్గకు వెళ్ళింది. చరణ్‌తేజ లలితను పిలిచి చెప్పబోతే, "ఛ, అదేం మాటండీ, నేనే చెబుదామనుకుంటున్నా" అంది.

బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి చేతులు కడుగుతూనే ఉంది. మొగుడు పోయిన మనిషి మీద అసూయపడే ఆడది ఉంటుందా అని తనను తను అడుక్కుంది. ఉంటుందని తెలిసింది. శ్రీరామచంద్ర లేకపోవడం మీద కాదు ఆవిడకు కన్ను, అంత పాపిష్టిది కాదు. కానీ గుండుగొలనులో ఎక్కడో ఒక గదిలో మధ్యాహ్నం ఎండ గచ్చు మీద పడుతోంది, దాన్ని చూసే మనిషి నాగదుర్గ. అది తన ఎండ.

పలకరింపుకు ఆఫీసంతా వ్యాను కట్టుకుని వెళ్ళింది. లలిత ఒంట్లో బాగా లేదని మానేసింది.

రైలు ఆలస్యమైన ప్రతి రోజూ ఆ కుళ్ళు ఇంకాస్త పెరిగేది. ఓ రోజు చరణ్‌తేజ ఏదో లెక్క తేలలేదని విసుక్కుంటుంటే, లలిత తెర వంకే చూస్తూ మెల్లిగా అంది. "కెమెరా కట్టేసి ఉంటే, మనిషి అక్కడ ఉన్నట్టో లేనట్టో మనకేం తెలుస్తుందండీ?" అంతే అంది. మర్నాడు రూలు వచ్చింది, ఇంటి నుంచి పనిచేసేవారు పనివేళలంతా కెమెరా తెరిచి ఉంచాలని.

నాగదుర్గ తెరిచింది. బొట్టు లేని మొహం, మెడలో ఏమీ లేదు, వెనక కిటికీ. అందరికంటే ముందు మీటింగులో చేరేది ఆమే, మొదట్నుంచీ ఆమెకది అలవాటు. అప్పుడు జరిగింది ఒకటి, ఎవరూ అనుకుని చేసింది కాదు. పొద్దున్నే మీటింగు తెరిస్తే మొదట కనబడేది ఆమె మొహమే. టీములో ప్రసన్నలక్ష్మి కూతురికి సంబంధాలు చూస్తోంది. ఆవిడ మీటింగు వేళకు పెన్ను వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఇంకొకరికి మంచినీళ్ళు గుర్తొచ్చేవి. నలుగురు చేరాక చేరదామని ఆ నలుగురూ ఆగేవారు. పక్కపక్కనే కూర్చుని ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోకుండా ఆగేవారు. నెహెమ్యా ఒక్కడికే ఆ పట్టింపులు లేవు గానీ, అతను ఎప్పుడూ ఆలస్యమే. ఆ కాసేపూ నాగదుర్గ ఖాళీ మీటింగులో ఒక్కతే కూర్చుని ఉండేది.

లలిత అలాంటివి నమ్మదు. నమ్మనని చాలాసార్లు అంది కూడా. బాబీ లెక్కల పరీక్ష రోజున మాత్రం ఆవిడ వేలు కూడా బటన్ మీద ఆగింది. ఆగిందని తెలిసి, సిగ్గుపడి, నొక్కింది. నాగదుర్గ చిన్నగా తల ఊపింది. ఆమె వెనక కిటికీలోంచి లేత ఎండ భుజం మీద పడుతోంది. ఆ సిగ్గులోనూ లలిత ఆ ఎండనే చూసింది.

కొన్నాళ్ళకు చరణ్‌తేజ దారి చెప్పాడు. "ఆవిడకిచ్చింది నాలుగు నెలలకేనండీ. మళ్ళీ పొడిగించాలి. ఆవిడ అక్కర్లేదంటే మీ పేరు పెట్టేస్తాను. మీరోసారి మాట్లాడి చూడండి, ఆడవాళ్ళు ఆడవాళ్ళు."

శనివారం సెలవు. లలిత గుండుగొలనులో బస్సు దిగి, ఇల్లు కనుక్కుని వెళ్ళింది. అరుగు మీద పట్టాభిరామయ్యగారు పంచాంగం తిరగేస్తున్నారు, ఎదురుగా పెళ్ళివారు కూర్చుని ఉన్నారు. నాగదుర్గ అత్తగారు రాజ్యం వీధి గుమ్మంలోకి వచ్చి, "ముహూర్తానికొచ్చినవాళ్ళున్నారమ్మా, ఇలా రండి" అని పక్క సందులోంచి పెరటివైపు తీసుకెళ్ళింది. పెరటి గదిలో నాగదుర్గ ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది.

లలిత ముందు కిటికీ వంక చూసింది. నిజంగానే బావుంది ఎండ. మంచం మీద సగం దాకా పరుచుకుని ఉంది.

"మీరొస్తారనుకోలేదండీ" అంది నాగదుర్గ.

"ముందే రావాల్సింది. కుదర్లేదు."

"కుదరక కాదులెండి. కెమెరా పెట్టించింది మీరేనట కదా. నెహెమ్యా చెప్పాడు."

"అవునండీ" అంది లలిత.

"దాని పుణ్యాన పొద్దున్నే తల దువ్వుకుంటున్నాను. అదివరకు ఎండెక్కేదాకా అలానే ఉండేదాన్ని. ఇప్పుడు మా అత్తయ్యగారే, ఆఫీసువాళ్ళు చూస్తారు మంచి చీర కట్టుకో అంటున్నారు." నాగదుర్గ మంచం మీద చోటు చూపించింది. "మీటింగుకి మీరంతా ఎందుకు ఆలస్యమవుతారో కూడా తెలుసు. ముహూర్తాలు పెట్టే ఇంటి కోడల్ని, నాకు తెలియదా?"

లలిత కూర్చుంది. ఎండ వెచ్చగా వీపుకు తగిలింది.

"నాకు మీ మీద ఎంత కుళ్ళో తెలుసాండీ?" అంది నాగదుర్గ.

లలిత తలెత్తింది. పుట్టి ఇన్నేళ్ళలో తన మీద ఎవరైనా కుళ్ళుకున్నట్టు ఆవిడ ఎరగదు. తప్పని తెలిసినా ఎక్కడో కాస్త సంతోషం వేసింది. "నా మీదా? ఏముందండీ అక్కడ? ఏసీ కారుతుంది, బెలూన్లు ఊదిస్తారు."

"బస్సుంది కదండీ. బస్సులో నేనెవరో ఎవరికీ తెలియదు. కండక్టరు చిల్లర లేదంటే దెబ్బలాడొచ్చు. ఇక్కడ నేను మంచినీళ్ళు తాగినా, మొగుడు పోయింది మంచినీళ్ళు తాగుతోంది అన్నట్టే ఉంటుంది."

"అయితే వచ్చెయ్యండి. ఎవరాపారు?"

"ఎవరూ ఆపలేదు, అదే కష్టం." నాగదుర్గ గొంతు తగ్గించింది. "ఆయన పోయాక మా అత్తయ్యగారు గంటకోసారి తలుపు తీసి, నేనున్నానో లేదో చూసి వెళతారు. ఏమీ అనరు. చూసి వెళతారంతే. ఆవిడ్ని వదిలి నా అంతట నేను పోతానని ఏ నోటితో అనను? ఊరు ఏదో అంటుంది, అది పడొచ్చు. ఆవిడ మొహం చూళ్ళేను. కంపెనీ రమ్మంటే వేరు. ఎవరో లాగేసుకున్నారంటే ఇంకా మేలు. ఇద్దరం కూర్చుని వాళ్ళని తిట్టుకోవచ్చు."

లలిత ఆ మాట ఇంకా మింగుతూ ఉండగానే తలుపు తోసుకుని రాజ్యం వచ్చింది, పళ్ళెంలో నాలుగు కాఫీ గ్లాసులతో. కొడుకు పోయినా ఆవిడ చెయ్యి ఇంకా ఒక గ్లాసు ఎక్కువే కలుపుతోంది. ఒకటి తీసి లలితకిచ్చింది. "ఏవిటమ్మా, గుసగుసలాడుకుంటున్నారు?" అంది, నవ్వబోతూ.

నాగదుర్గ తల దించుకుంది.

కాఫీ తాగి, నాలుగు మంచి మాటలు చెప్పి, లేచి రావచ్చు. చరణ్‌తేజ పైవాళ్ళ పేరు మీద ఏదో ఒక మెయిలు పంపుతాడు. కానీ పైవాళ్ళంటే ఎవరమ్మా అని ఈవిడ అడుగుతుంది, కోడలి కళ్ళలోకి చూసి అడుగుతుంది. లలిత గ్లాసు కింద పెట్టింది.

"పిన్నిగారూ, ఈ ఇంటి దగ్గర పని ముందు నాకిస్తానన్నారండీ. మీ అబ్బాయి పోవడంతో మీ కోడలికిచ్చారు. నాలుగు నెలలు చూశాను. నాకూ ఇంట్లో ఉండాలని ఉంది. ఈవిడ గడువు అయిపోతోంది కనక అది నాకిమ్మని పైకి రాస్తున్నాను. అదే చెబుదామని వచ్చాను. ఈవిడ వదలనంటోంది."

రాజ్యం పళ్ళెం పట్టుకునే ఉంది. "మీకు పిల్లలా అమ్మా?"

"ఒక అబ్బాయండీ."

"మీ ఆయన?"

"లెక్చరరండీ. బాగానే ఉన్నారు."

"బాగానే ఉన్నారు." రాజ్యం ఆ మాటను నెమ్మదిగా తిరిగి పలికింది. "అన్నీ ఉండి, దీనికి మిగిలిన ఈ గది మీద పడిందామ్మా మీ కన్ను?"

"పడిందండీ" అంది లలిత.

ఆ గొంతు వణకలేదు. వణకడానికి అందులో అబద్ధం లేదు. ఆవిడ చెప్పిన అబద్ధమల్లా ఇందాకటి "ఈవిడ వదలనంటోంది" అన్న ముక్క ఒక్కటే.

లేచి, పెరటి గుమ్మం దాకా వచ్చి, అలవాటు కొద్దీ "వెళ్ళొస్తానండీ" అనేసింది. పోయినవాళ్ళింటికి మొదటిసారి పలకరింపుకొచ్చిన మనిషి ఆ మాట అనకూడదు, చెప్పకుండా లేచి పోవాలి. అన్నాక నాలుక కరుచుకుంది.

"అక్కర్లేదమ్మా" అంది రాజ్యం. ఆ వెనకాలే కోడలి తల మీద చెయ్యి వేసి, "పోనీలే, నువ్వేడవకు, ఏం చేస్తాం, ఉద్యోగం వదులుకుంటామా" అంటుండటం సందులోకి వినబడింది.

సోమవారం లలిత చరణ్‌తేజకు చెప్పింది. నాగదుర్గకు రమ్మని గట్టిగా రాయండి, బతిమాలినట్టు ఉండకూడదు, ఎవరడిగారని ఎవరైనా అంటే నా పేరే చెప్పండి అని.

"మీకు చెడ్డపేరు కదండీ" అన్నాడతను.

"కొత్తగా వచ్చేదేముందండీ?"

వచ్చింది మాత్రం మామూలుగా రాలేదు. ఆఫీసు గ్రూపులో లలిత పెట్టిన మెసేజీకి జవాబులు ఆగిపోయాయి. తన కేరేజీలో కూర పుచ్చుకునేవాళ్ళు వద్దండీ అన్నారు. ఆవిడ సీటు ఖాళీ చేసే రోజు నెహెమ్యా ఒక్కడు లిఫ్టు దాకా వచ్చి, "ఏం మనిషండీ మీరు" అని ల్యాప్‌టాప్ సంచీ అందించి వెళ్ళిపోయాడు. నాగదుర్గ వచ్చిన మొదటి రోజు అందరూ ఆమె చుట్టూ చేరారట. లలిత మీద కోపం కొద్దీ ప్రసన్నలక్ష్మి తన కుర్చీ ఆమె పక్కకు జరుపుకుని, ఆ పూటంతా కదల్లేదట. కూతురి సంబంధం సంగతి ఆవిడకు గుర్తే రాలేదు కాబోలు.

ఆ కబురు తాడేపల్లిగూడెం దాకా వచ్చింది. కామేశం కాలేజీ నుంచి వచ్చి, చొక్కా కొక్కేనికి తగిలిస్తూ, "మా స్టాఫ్ రూములో నీ మాటే నడుస్తోంది లలితా. మొగుడు పోయినావిడ దగ్గర లాక్కుందిట అంటున్నారు. నువ్వు నాకేమీ చెప్పలేదు" అన్నాడు.

"అనుకోనివ్వండి. అబద్ధమేం కాదుగా."

ఆయన కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎండ వంటింటి గచ్చు మీద పడింది. లలిత బల్ల అక్కడికే జరుపుకుంది. భోజనాల వేళ ఆఫీసులో ఎవరో మీటింగు కట్టేయడం మరిచిపోయారు. తెరలో హాలంతా కనబడుతోంది. కుర్చీలు గుండ్రంగా వేసుకున్నారు. మూతలు తీసిన కేరేజీలు, మధ్యలో ఒక పచ్చడి సీసా. నాగదుర్గ నోటి నిండా అన్నంతో ఏదో చెబుతోంది. చెబుతూ చెబుతూ తనే నవ్వేస్తోంది. ఆ సీసా చేతులు మారుతోంది. కోరుకున్న ఎండ లలిత వీపు మీద ఉంది, కళ్ళు మాత్రం ఆ సీసా వెంట తిరుగుతున్నాయి.

ఉండబట్టలేక మ్యూట్ తీసింది. "ఆ పచ్చడి ఎవరిదండీ?"

ప్రసన్నలక్ష్మి వీపు తిప్పింది. నాగదుర్గ ముద్ద మింగి, చెయ్యి విదిలించి, కెమెరాలోకి తిన్నగా చూసింది.

"ప్రసన్నలక్ష్మి గారిదండీ" అంది. "మీకు లేదు."